జంబన్న గానుగ దగ్గర కూలి బేరం

కొండ కింద, వాగు పక్కన ఒక చెరకు గానుగ ఉండేది. దాని యజమాని జంబన్న అనే నక్క. రసం తీయించి, బెల్లం వండించి, అడవిలో అందరికీ అమ్మేవాడు. గానుగ తిప్పేది ఇద్దరు. పొద్దున పూట మైలన్న అనే ఎద్దు, మధ్యాహ్నం నుంచి గవరమ్మ అనే గాడిద. కూలి ఎండుగడ్డి. ఆ చుట్టుపక్కల ఇంకో గానుగ లేదు.

మైలన్నకి రోజుకి అర మోపు గడ్డి ఇచ్చేవాడు జంబన్న. అది సగం కడుపుకే సరిపోయేది. పని దిగాక మైలన్న కొండెక్కి, రాళ్ళ సందుల్లో ఎండు పరకలు ఏరుకు తినేవాడు. ఒకరోజు గానుగ తిప్పుతూ తిప్పుతూ కాళ్ళు తడబడి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లేచి నిలబడ్డాక నోరు తెరిచి అడిగాడు.

"జంబన్నగారూ, రోజుకో మోపు ఇప్పించండి. కడుపు నిండితే చాలు, అంతకు మించి అడగను."

"నాకూ ఇవ్వాలనే ఉంది మైలన్నా. కానీ రేటు పెట్టేది నేను కాదు, సంత. నిన్న గవరమ్మ వచ్చి, పావు మోపుకే రెండు పూటలా తిప్పుతానంది. నీ మీద అభిమానంతో నిన్ను ఉంచుకున్నాను. ఏం చెయ్యను, రేపట్నుంచి నీకూ పావు మోపే."

మైలన్న మళ్ళీ కాడి కిందికి వెళ్ళాడు. ఆ పావు మోపు కూడా పోతే ఎలాగని భయం.

మూడో రోజు వాగు దగ్గర నీళ్ళు తాగుతుంటే గవరమ్మ వచ్చింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"అన్నా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. పావు మోపుకి రెండు పూటలా తిప్పుతానని ఎందుకన్నావు? నీ వల్ల నా కూలి కోసేశాడు."

మైలన్న నీళ్ళలోంచి మూతి పైకెత్తాడు. "నేనెక్కడన్నాను? నువ్వే అన్నావని నాతో చెప్పాడు."

జంబన్న ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పాడని అప్పుడర్థమైంది.

"రేపు కలిసి వెళదాం," అన్నాడు మైలన్న. "ఇద్దరికీ కడుపునిండా పెడితేనే కాడి కిందికి వస్తామని చెబుదాం."

గవరమ్మ వెనక్కి తగ్గింది. "నువ్వు బలమున్నవాడివి. నేను నీలో సగం కూడా లాగలేను. అలా అడిగితే నన్ను తీసేసి నిన్నొక్కణ్ణే ఉంచుకుంటాడు. ఈ గుప్పెడు గడ్డీ పోతుంది నాకు."

 "నన్నొక్కణ్ణే ఉండమంటే ఉండను," అన్నాడు మైలన్న.

మర్నాడు జంబన్న ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నాడు. లోపలికి వెళ్ళి, తన పొలంలో అప్పుడే కోసిన పచ్చగడ్డి మోపు తెచ్చి మైలన్న ముందు వేశాడు.

"సరే, నీకు మోపు. గవరమ్మ వెళ్ళిపోవచ్చు. సగం పని చేసేవాళ్ళకి కడుపునిండా పెట్టే యజమాని ఏ సంతలోనూ దొరకడు."

పచ్చి వాసనకి మైలన్న నోట్లో నీళ్ళూరాయి. వెనక గవరమ్మ గిట్టల చప్పుడు మెల్లగా దూరమవుతోంది.

"వద్దండీ," అన్నాడు చివరికి. "ఇవాళ ఆమెని పంపేస్తారు. నాలుగు రోజులు పస్తులుంటే గుప్పెడు గడ్డికైనా సరే తిప్పుతానని ఆమే తిరిగొస్తుంది. అప్పుడు మీరు నా మోపు కోస్తారు. ఆమె కడుపు నిండితేనే నా కూలి నిలుస్తుంది."

మోపు అక్కడే వదిలి గవరమ్మ వెంట నడిచాడు.

కోసిన చెరకు గుట్టగా పడి ఉంది, ఎండకి వాడిపోతోంది. జంబన్న అడవిపందిని పిలిచి కాడి కట్టాడు. అది ఒక చుట్టు తిరిగి, గుట్టలో దూరి చెరకు నమలడం మొదలుపెట్టింది. డజను కుందేళ్ళని కట్టి చూశాడు, కాడి కదల్లేదు. రెండో రోజు తనే మెడ పెట్టాడు. ఏడు చుట్లకి కళ్ళు బైర్లు కమ్మాయి. రసం ముంతెడు కూడా రాలేదు.

అప్పుడే ఎలుగుబంటి పెద్దయ్య వచ్చాడు. "ఏం జంబన్నా, మూడు రోజుల్లో మా అమ్మాయి పెళ్ళి. ఇరవై బెల్లం దిమ్మలు చెప్పాను, ఒక్కటీ కనపడదే?"

"కూలివాళ్ళు కడుపునిండా పెట్టమంటున్నారు పెద్దయ్యగారూ. పెడితే దిమ్మకి ధరగా ఇంకో దోసెడు తేనె పుచ్చుకోవాలి. మీరు కొనరు కదా?"

"కొంటాను. కొని తిట్టుకుంటాను," అన్నాడు పెద్దయ్య. "బెల్లం లేకుండా వియ్యంకుడి ముందు నిలబడమంటావా?"

ఇక దారిలేక జంబన్నే వాగు దగ్గరికి వెళ్ళి ఇద్దరినీ పిలుచుకొచ్చాడు. ఎవరి కడుపుకి ఎంత పడితే అంత అన్నాడు.

పెళ్ళి వేళకి ఇరవై దిమ్మలూ అందాయి. గవరమ్మ మైలన్నతో సమానంగా కాకపోయినా దాదాపు అంత పనీ చేస్తోంది. కడుపు నిండితే ఆమె ఎంత లాగగలదో అప్పటిదాకా ఆమెకే తెలీదు. జంబన్నకి మిగిలేది కొంచెం తగ్గిన మాట నిజమే, గానుగ మాత్రం ఆగలేదు. మైలన్న కొండెక్కడం మానేశాడు. పని దిగి, వాగు గట్టున పడుకుని, నెమరు వేస్తూ వేస్తూ ఎండపొడలోనే నిద్రపోయేవాడు. గవరమ్మ వాగు ఇసుకలో హాయిగా పొర్లాడేది.

మరుసటి ఏడు చెరకు పెరిగింది. పనికి కొత్తగా ఒక గేదె వచ్చింది. జంబన్న గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, నీకు మోపు ఇవ్వాలనే నాకూ ఉంది. కానీ ఇక్కడి ఎద్దు అర మోపుకే..."

"ఆయనతో మాట్లాడే వచ్చానండీ," అంది గేదె.

జంబన్న మోపు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

ఇందులో తెలుసుకోవలసింది ఇది: పనిచేసేవాడి కడుపు నింపని కూలి, సంత పేరు చెప్పినంత మాత్రాన న్యాయమైపోదు.