వరహాలమ్మగారి సంతాప సభ

ప్రశ్న అడిగినవాడికి సూత్రం చెప్పి పంపించే అలవాటు కామేశ్వరయ్యగారికి లేదు. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థమైతే అయినట్టు, లేకపోతే ఇంకో రోజు రమ్మనేవారు. ఒకనాడు నరహరి అనే శిష్యుడు కొంచెం కోపంగానే అడిగాడు: "మనతో పాటు ఇన్నేళ్ళు చదువుకున్న పెద్దాయన పోయారు. చితి ఆరిందో లేదో, మీరు పాఠం మొదలుపెట్టారు. పోయినవాళ్ళకి మనమిచ్చే మర్యాద ఇంతేనా గురువుగారూ?"

కామేశ్వరయ్యగారు ఈ సంగతి చెప్పారు.

నాగావళి ఒడ్డున ఒక చిన్న పట్నంలో మైత్రీ సేవా సంఘం అని ఒకటుండేది. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు సభ్యురాలిగా ఉన్న మనిషి వరహాలమ్మ. కాన్పుల నర్సుగా పనిచేసి రిటైరైంది. ఏనాడూ వేదిక ఎక్కి ఎరగదు. సంఘం ఏటా పెట్టే కంటి శిబిరానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషుల్ని తీసుకురావడం ఆమె పని. అది చెప్పినంత సులువు కాదు. శుక్లాలు ముదిరి గోడలు తడుముకునే ముసలివాళ్ళు ఉండేది మూలగదుల్లో. గుమ్మానికి అడ్డంగా నిలబడేది కొడుకులు. "కాటికి కాళ్ళు చాచుకున్నదానికి కళ్ళెందుకు నర్సమ్మా?" అనేవారు. "కాటికైనా దారి కనపడొద్దట్రా?" అంటూ ఆమె అరుగు మీద చతికిలబడేది. మాట పుచ్చుకుంటే గానీ లేచేది కాదు.

ఆ ఏడు శిబిరం గురువారం నాడనగా, సోమవారం సాయంత్రం వరహాలమ్మ గుండె ఆగి పోయింది.

సంఘం అధ్యక్షుడు జగ్గారావుగారు రైసుమిల్లు యజమాని. చెడ్డవాడేమీ కాదు, ఆమె అంటే గౌరవం ఉన్నవాడే. శిబిరం వచ్చే ఏటికి వాయిదా వేసి, ఆ రోజే ఆ హాల్లోనే ఘనంగా సంతాప సభ పెడదామన్నాడు. కార్యదర్శి సోమశేఖరం కాదనలేకపోయాడు. అతను పోస్టాఫీసు గుమాస్తా. పదిహేనేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా ఆమె వెంట ఊళ్ళు తిరిగి పేర్లు రాసుకున్నవాడు. విశాఖపట్నం డాక్టర్లకి ఫోను చేసి రావొద్దని తనే చెప్పాడు. ఫోను పెట్టేశాక ఏదో తప్పు చేసినట్టు మనసు పీకింది. దుఃఖంలో అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

గురువారం పొద్దున్నే కుర్చీలు వేయిద్దామని వెళితే, హాలు మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు తవిటమ్మ. ఆరు మైళ్ళ అవతలి ఊరి నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కండక్టరు చెయ్యి పట్టుకుని తెచ్చి దిగబెట్టి పోయాడట.

సోమశేఖరం పక్కన కూర్చున్నాడు. "అవ్వా, మన నర్సమ్మగారు పోయారు."

"తెలుసు బాబూ. నిన్ననే తెలిసింది."

"మరి ఎందుకొచ్చావు? క్యాంపు లేదు. పైయేడు పెడతాం."

"ఆయమ్మ లచ్చివారం రమ్మంది. ఇయ్యేల లచ్చివారమే గదా?"

"ఆవిడే లేదు కదవ్వా."

ముసలామె అతని గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. "మా వోడు నిన్న నవ్వినాడు బాబూ. 'నర్సమ్మ పోనాది, ఇంక నోర్మూసుకుని మూల కూకో' అన్నాడు. అందుకే సెప్పకుండా ఒచ్చీసినాను. ఇప్పుడు నువ్వూ ఎల్లిపొమ్మంటే ఆడు గెలిసినట్టే గదా. ఆయమ్మ ఓడిపోయినట్టే గదా."

బస్టాండు వైపు నుంచి ఇంకో ముగ్గురు కర్రలు పొడుచుకుంటూ వస్తున్నారు. సోమశేఖరం లేచి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి డాక్టరుకి ఫోను చేశాడు. వద్దన్నది మీరే కదా అని ఆయన విసుక్కున్నాడు. "వద్దన్న బుద్ధిలేనివాణ్ణి నేనే. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టండి. వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. నేను వెనక్కి పంపను" అన్నాడు సోమశేఖరం. చివరికి డాక్టరు, మూడింటికల్లా వస్తామన్నారు.

సభ కూడా మూడింటికే. వేదిక వెనక గోడకి వరహాలమ్మ ఫోటో, దానికి నిలువెత్తు బంతిపూల దండ. రెండు నిమిషాలు మౌనం పాటించమని జగ్గారావుగారు చెప్పగానే అందరూ లేచి తలలు వంచుకున్నారు. ఆ మౌనంలో డాక్టర్ల వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. సోమశేఖరం వేదిక ఎక్కాడు. దండతో సహా ఫోటోని మేకు నుంచి దించి బల్ల మీద పెట్టి, ఆ మేకుకి కళ్ళ పరీక్ష అట్ట తగిలించాడు.

"ఏమిటయ్యా ఇది?" జగ్గారావుగారి గొంతు హాలంతా మోగింది. "మనిషి పోయి మూడు రోజులు కాలేదు. నువ్వు దించింది ఎవరి ఫోటో?"

"తెలుసండీ. వెలుతురు పడేది ఈ గోడ మీదే."

"ముందు ఫోటో ఎక్కించు."

"ఎక్కించనండీ." పెద్దలకి ఎదురుచెప్పి ఎరగనివాడు, ఆ అట్ట ముందు నుంచి కదల్లేదు. "కావాలంటే నన్ను సంఘంలోంచి తీసేయండి. రేపు తీసేయండి. ఇవాళ పనుంది."

జగ్గారావుగారు కండువా సర్దుకుని కారెక్కి వెళ్ళిపోయారు. ఆయన వెనకే సగం మంది. మిగిలినవాళ్ళు కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో కుర్చీలు జరిపి దారి చేశారు.

ఆ పూట ముప్పై ఏడుగురిని చూశారు. పదహారు మందిని ఆపరేషనుకి తీసుకెళ్ళారు. తవిటమ్మకి ఒక కన్ను అప్పటికే చెయ్యి దాటిపోయింది, రెండోదానికి చూపు వచ్చింది. పైయేటి దాకా ఆగితే అదీ దక్కేది కాదన్నారు. నెల తిరక్కుండా సోమశేఖరం కార్యదర్శి పదవి ఊడింది. అయినా మరుసటేడు ఊళ్ళు తిరిగింది అతనే. వెంట తవిటమ్మ వెళ్ళేది. అడ్డొచ్చిన కొడుకుల మీద నోరు చేసుకునే పని ఆమెది.

నరహరి ఇంకా పట్టు వదలని గొంతుతో, "అయితే ఆ వేళ వరహాలమ్మగారి గురించి ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడలేదా?" అన్నాడు.

"మాట్లాడకేం నాయనా," అన్నారు కామేశ్వరయ్యగారు. "వరసలో కూర్చున్న ప్రతి ముసలామె, నర్సమ్మ తమ ఇంటికొచ్చి తమవాణ్ణి ఎలా తిట్టిందో పక్కవాళ్ళకి చెబుతూనే ఉంది. వినడానికి వేదిక మీద ఎవరూ లేరు, అంతే."