మూడో సీసా

మూడో సీసా తానే ఇచ్చానని సాజిదా ఇంతవరకూ పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు.

నంద్యాలలో హకీం ఖాదర్ మొహిద్దీన్ దగ్గర ఆరేళ్లుగా వైద్యం నేర్చుకుంటోంది. ఆయనకి ఒక పద్ధతి ఉంది. రోగి రాగానే చాప మీద పచ్చ రుమాలు పరుస్తాడు. "ఇంతవరకూ ఏమేం మింగారో అన్నీ దీని మీద పెట్టండి" అంటాడు. అది చూశాకే నాడి పట్టేది.

ముసలాయన చాదస్తం అనుకునేది సాజిదా. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలు చదివి చదివి ఇంగ్లీషు మందులు తనంతట తనే నేర్చింది. ఆయనకి తెలియకుండా సంచిలో రెండు మూడు సీసాలు దాచుకునేది.

పోయిన సోమవారం, ఆయన నమాజుకి వెళ్లినప్పుడు, పక్క వీధి ఎస్తేరు నాలుగేళ్ల కొడుకుని భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. బయట జనం. సాజిదా రుమాలు పరచలేదు. జ్వరం సిరప్ చేతిలో పెట్టి, "ఆరు గంటలకోసారి పొయ్యి. రేపటికి గంతులేస్తాడు" అంది.

రేపటికి వాంతులు. శుక్రవారానికి కళ్లు పచ్చబడ్డాయి. "అక్కా, ఇంటికి తాళమెయ్యి" అని అరిచి ఎస్తేరు బిడ్డతో కర్నూలు ఆసుపత్రికి పోయింది.

తాళం వెయ్యబోయి, కిటికీలో మూడు సీసాలు చూసింది సాజిదా. ఒకటి తనది. ఒకటి వీధి డాక్టరు ఇచ్చింది. ఒకటి జలుబుకని మందుల షాపులో కొన్నది. చిన్న అక్షరాలు చదివింది. పేర్లు మూడు. లోపలి మందు ఒకటే.

తన సీసా మాత్రం తీసి సంచిలో వేసుకుంది.

మర్నాడు పొద్దున ఎస్తేరు ఫోను. "అక్కా, కాలేయం పాడైందంట. ఏమేం పోశారో అంతా తెలిస్తేనే విరుగుడు లెక్క తేలుతుందంటాంది డాక్టరమ్మ. నీ మందు సంగతి చెప్పేదా?"

"హకీం దగ్గరికి పోయినామంటే తిడతారు. ఎందుకులే" అంది సాజిదా.

ఫోను పెట్టేసి హకీం ముందు కూర్చుంది. "సాబ్, కొలత తప్పకుండా ఇచ్చిన మందు చెడు చేస్తుందా?"

ఆయన ఆమె మొహం కేసి చూశాడు. లోటాలో మజ్జిగ పోసి ఉప్పు వేశాడు. వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న భార్యని పిలిచాడు. "హలీమా, ఒక మనిషికి సరిపడా ఉప్పెయ్యి." ఆమె వేసి పోయింది. లోటా సాజిదాకి ఇచ్చాడు. "నువ్వూ వెయ్యి. ఒక మనిషికే."

వేసింది.

"తాగు."

గుక్క గొంతు దిగలేదు. వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేసింది.

"అయ్యో, నా మిరపకాయల మీదనా!" అంది హలీమాబీ.

హకీం నవ్వలేదు. "ఎక్కువేసింది ఎవరు?"

"ఎవరూ వెయ్యలేదు సాబ్."

"నాలుకుంది కాబట్టి ఉమ్మేశావు. కాలేయానికి నాలుక లేదు బేటీ."

పచ్చ రుమాలు దులిపి ఆమె ముందు పరిచాడు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

సాజిదా సంచిలో చెయ్యి పెట్టి సీసా తీసింది. రుమాలు మధ్యలో నిలబెట్టింది.

తర్వాత ఫోను తీసి, ఎస్తేరు నంబరు వెతికింది.