బొల్లన్న గట్టు మేసిన రోజు

"దెబ్బ తగిలితే ఫలానా ఆకు పసరు పిండాలని మొట్టమొదట ఎవరు కనిపెట్టి ఉంటారర్రా? చెప్పండి చూద్దాం."

గీసుకుపోయిన మోకాలు చాచుకుని అరుగు మీద కూర్చున్న నీరజ్ వెంటనే చెయ్యెత్తాడు. "డాక్టరు!"

"ఆ డాక్టరుకి ఎవరు చెప్పారు?"

"వాళ్ళ టీచరు."

"ఆ టీచరుకి?"

"అమ్మమ్మా, నువ్విలా వెనక్కి వెనక్కి అడుగుతూ పోతే అన్నాల వేళ అయిపోతుంది," అంది వాళ్ళక్క ఉదిత.

నిజమే. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని కదా, ప్రశ్న వేయందే నాకు నోరు పెగలదు. గోంగూర మడిలో గడ్డి పీకుతూ పీకుతూ, వీడి ఏడుపు విని మధ్యలో లేచి వచ్చి, మోకాలి మీద ఇంత ఆకు పసరు పిండాను. ఎవరు కనిపెట్టారో నాకూ తెలియదు. మా పెద్దవాళ్ళు మాత్రం జంతువులే మనకు మొదటి గురువులు అనేవారు. కడుపు బాగాలేని కుక్క గడ్డి వెతుక్కుని నమలడం మీరూ చూసే ఉంటారు. దానికి ఎవరు చెప్పారు? అందుకని ఈ కథ జంతువుల దగ్గరే మొదలుపెడతాను. వినండి.

ఒక కొండ దిగువన ఒక చేను ఉంది. చేనుకి ఒక పక్క పశువుల పాక, ఇంకో పక్క వాగు. పాకలో బొల్లన్న అనే ఎద్దు ఉండేవాడు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. నడకా నిదానమే, మాటా నిదానమే. అతని పక్క గుంజ దగ్గర ముత్యాలు అనే మేక. దానికి నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఉంటే మేత, లేకపోతే మాట. పాక చూరు కింద గూట్లో చుక్కమ్మ అనే కోడి, దాని వెనకాల పొద్దస్తమానం కియ్‌కియ్‌మంటూ ఎనిమిది పిల్లలు.

వాగు గట్టు మీద బొరియలో ఒక నక్క ఉండేది. మామూలు నక్క అయితే అందరూ తరిమేద్దురు. ఇది వైద్యం తెలిసిన నక్క. అందుకని "వైద్యులుగారూ" అని పిలిచేవారు.

వైద్యం ఎలా చేసేదో చెబుతాను, జాగ్రత్తగా వినండి. ఎవరికైనా ఒళ్ళు తెగిందనుకోండి, నక్క బొరియలోకి దూరి వాకిలికి ఒక రాయి అడ్డం పెట్టుకునేది. లోపల ఏదో నూరిన చప్పుడు. కాసేపటికి మోదుగాకు దొప్పలో నల్లటి ముద్ద పట్టుకుని బయటికి వచ్చేది. గాయం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఉఫ్ అని ఊది, ముద్ద పెట్టేది. రక్తం ఆగేది. ఆ మాట ఒప్పుకోవాలి, మందు మంచిదే.

"ఇది ఏ ఆకు వైద్యులుగారూ?" అని ఎవరైనా అడిగితే చెవులు మూసుకునేది. "హవ్వ! మందు పేరు నోట పలికితే గుణం పోతుంది. మా గురువుగారి ఆన."

ఆకుపచ్చటి పసరు నల్లగా ఎలా అయిందని అడగరేం? పొయ్యి మసి కలిపేది. ఆకు ఆనవాలు ఎవరికీ పట్టుబడకూడదుగా!

అలా ఒకసారి గాడిదకి డెక్క చీలితే మందు పెట్టి, నెల రోజులు దాని వీపు మీద ఊరేగింది. కుందేలు చెవి చిరిగితే మందు పెట్టి, దాని బొరియ తీసేసుకుంది. ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. రేపు తమకి దెబ్బ తగిలితే? ఆ భయం.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. చేలో గడ్డిపరక లేదు. నీటి చెమ్మ ఉన్న వాగు గట్టు ఒక్కటే జానెడు మేర పచ్చగా మిగిలింది. రైతు కుటుంబంతో సహా పొరుగూరి పెళ్ళికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కొడవలిని గడ్డివాములోనే మరిచిపోయాడు. చుక్కమ్మ పిల్లల కోసం గింజలు వెతుకుతూ వాములో కాలు పెట్టి గబగబా గీకింది. కొడవలి కసుక్కున దిగింది.

"అమ్మో!" అని ఒక్క కేక వేసి కూలబడింది.

ముత్యాలు పరుగున వచ్చి చూసి, "ఓలమ్మో, రక్తం ధార కడుతోంది!" అని అరిచింది. "వైద్యుణ్ణి పిలుచుకొస్తానుండు."

బొల్లన్న మాత్రం నక్క ఎంతసేపట్లో వస్తుందో చూస్తూ నిలబడ్డాడు. మేక వాగు దాకా వెళ్ళి వచ్చింది. వెనకాలే నక్క కూడా వచ్చేసింది, చేతిలో దొప్ప, దొప్పలో పసరు కారుతున్న నల్లముద్ద.

"అయ్యయ్యో చుక్కమ్మా, ఎంత పని జరిగింది!" అంటూ నక్క ముఖం దీనంగా పెట్టింది. "ఏడు కొండల అవతల నుంచి తెప్పించిన మూలిక ఇది. నీకోసమే దాచాను."

"పెట్టు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది," అంది కోడి, కళ్ళు మూతలు పడుతుంటే.

"పెడతాను. కానీ ఈ మందుకి కాపలా కావాలి. పట్టిందో లేదో రాత్రంతా పక్కనే కూర్చుని చూసుకోవాలి. నీ గూటి తలుపు ఈ ఒక్క రాత్రికి తీసి ఉంచు. అంతే. నేను ఇంకేమీ అడగను."

చుక్కమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. పిల్లలు ఎనిమిదీ రెక్కల కిందకి దూరిపోయాయి.

"గూట్లో నా పిల్లలుంటారు వైద్యులుగారూ."

"ఉండనీ. నాకు పిల్లలంటే ప్రాణం."

"నీకు పిల్లలంటే ఏమిటో మాకు తెలుసులే!" అంది ముత్యాలు.

నక్క దొప్పని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మీ ఇష్టం. పొద్దు కొండ మీద వాలేవరకు చూస్తాను. ఆ తర్వాత మందు ఎండిపోతుంది. ఎండిన మందుకి గుణం ఉండదు."

చూశారా దాని నేర్పు? తలుపు తీస్తే పిల్లలు పోతారు. తీయకపోతే తల్లి పోతుంది. తల్లి పోయాక ఆ పిల్లల్ని కాచేదెవరు?

ముత్యాలు ఎద్దు చెవి దగ్గరకి వచ్చి గుసగుసలాడింది. "బొల్లన్నా, అంతంత కొమ్ములెందుకు నీకు? ఒక్కటి పొడిచి దొప్ప లాక్కోరాదూ?"

"లాక్కునేలోగా నేల మీద పారబోస్తాడు. పోనీ లాక్కున్నాననుకో, ఈ పూట గడుస్తుంది. రేపు నీ కాలు తెగితే మళ్ళీ వాడి గుమ్మంలోకే వెళ్ళాలి."

"మరేం చేద్దాం?"

"ఆకలేస్తోంది. గట్టు మీదకి పోయి మేసొద్దాం, రా."

మేకకి ఒళ్ళు మండిపోయింది. "ఛీ! అది అక్కడ చావుబతుకుల్లో ఉంటే నీకు మేత కావాల్సొచ్చిందా!"

"తిడుతూనే రా," అన్నాడు బొల్లన్న.

బొల్లన్న బుర్రలో ఏముందో మీరు ఊహించారా? లేదా? అతను రెండు సంగతులు చూశాడు. మేక వెళ్ళి వచ్చినంతసేపట్లో ఏడు కొండలు దాటి ఎవరూ రాలేరు. పైగా ఊరంతా ఎండిపోయిన రోజుల్లో నక్క పాదాలకి తడి బురద. అంటే ఆ ఆకు గట్టు మీదే ఉంది. ఏ ఆకో తెలియదు, అంతే.

ఎద్దూ మేకా గట్టు వైపు నడవగానే నక్క కూడా దొప్ప పట్టుకుని వెంట వచ్చింది. "ఎక్కడికి మామా ఈ వేళప్పుడు?"

"మేతకి వైద్యులుగారూ. కోడి ఎలాగూ ఆలోచించుకుంటోంది. ఈలోగా ఈ గట్టంతా ఒక్క పరక మిగలకుండా మేసేస్తాం. మా ముత్యాలు సంగతి తెలుసుగా, వేర్లు కూడా వదలదు."

"మేయండి, మేయండి. గట్టు నా సొంతమా?" అంది నక్క. కానీ అక్కడి నుంచి కదల్లేదు.

బొల్లన్న తల వంచాడు. గరిక అందుకున్నాడు. నక్క దిక్కులు చూస్తోంది. ఉత్తరేణి అందుకున్నాడు. నక్క ఆవులించింది. తుమ్మి మొక్క దగ్గరకి వచ్చాడు. నక్క తోక గోక్కుంది. ఇలా ఒక్కో మొక్కా అడుగు అడుగునా మేస్తూ, ఓరకంట నక్కనే చూస్తున్నాడు.

నక్క తక్కువదేం కాదు. నాలుగో మొక్కకల్లా సంగతి కనిపెట్టేసింది. ఎద్దు జిల్లేడు దగ్గరకి రాగానే రెండు చేతులూ పైకెత్తి, "అయ్యో మామా, అది మాత్రం ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను!" అని గోల పెట్టింది.

"దొరికింది! ఇదే!" అని ముత్యాలు ఎగిరి గంతేసింది. జిల్లేడు కొమ్మ విరిచి పరిగెత్తబోయింది.

"ఆగవే," అన్నాడు బొల్లన్న. "కింద పడేయ్. ఆ పాలు కంట్లో పడితే కన్ను పోతుంది, పుండు మీద పడితే భగ్గున మండుతుంది."

"మరి వాడు అంతలా ఏడ్చాడుగా!"

"నోరు ఏడ్చింది. చేతిలో దొప్ప కదిలిందా?"

ముత్యాలు వెనక్కి తిరిగి చూసింది. రెండు చేతులూ ఎత్తి గగ్గోలు పెట్టినా, దొప్పలోంచి చుక్క కూడా తొణకలేదు.

పొద్దు కొండ వైపు జారుతోంది. పాకలోంచి చుక్కమ్మ గొంతు సన్నగా వినిపించింది. "బొల్లన్నా, ఇంక నావల్ల కాదు. తలుపు తీసేస్తాను. నలుగురైనా మిగలకపోతారా..."

ముత్యాలు నోట్లో మేత వదిలేసింది. దాని జన్మలో అదే మొదటిసారేమో.

"ఇంకొంచెంసేపు ఆగు తల్లీ," అని కేకేసి బొల్లన్న రెండు అడుగులు ముందుకి వేశాడు. అక్కడ నేలని అంటుకుని పాకే చిన్న మొక్కలు గుబురుగా ఉన్నాయి. ఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి, ఒళ్ళంతా సన్నటి నూగు. పొడుగాటి సన్న కాడ చివర ఒంటి పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ పాలిపోయిన రేకులు. మనం రోజూ తొక్కుకుంటూ పోయే కలుపు మొక్క. బొల్లన్న నోరు తెరిచాడు.

ఈసారి నక్క అరవలేదు. ఏమీ ఎరగనట్టు ఆకాశం వంక చూసింది. కానీ చేతిలో దొప్ప వణికింది. నల్లటి పసరు దాని పాదాల మీద టపటపా పడింది.

బొల్లన్న గుబురులో సగం కొరికాడు. నమల్లేదు. మిగతా సగాన్ని మేకకి చూపిస్తూ తల ఊపాడు. ముత్యాలు ఆబగా మూతి పెట్టింది.

"ఒసేయ్, వేర్లు పీకకే!" నక్క దొప్ప పారేసి ఒక్క దూకు దూకింది. "మళ్ళీ వానలు పడేదాకా ఇదొక్కటే ఉంది! ఇది పోతే నన్ను వైద్యుడని ఎవడు పిలుస్తాడు!"

అంతే. నక్కే తన నోరు తను మూసుకుంది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

బొల్లన్న ఆ కొరికిన ఆకులతోనే పాకకి నడిచాడు. మెత్తగా నమిలి, ఆ ముద్దని చుక్కమ్మ కాలి మీద పెట్టి, ముట్టెతో అదిమి పట్టుకున్నాడు. నమలడం, నిలబడడం, ఈ రెండూ అతనికి బాగా వచ్చిన పనులు. పొద్దు కొండ మీద వాలేసరికి రక్తం ఆగింది. పిల్లలు ఒక్కొక్కటే రెక్కల కిందనుంచి తలలు బయట పెట్టాయి. ఎనిమిది. ముత్యాలు రెండుసార్లు లెక్కపెట్టింది.

నక్క గుమ్మం బయట నిలబడి, "అది పనిచేయదు. పేరు బయటపడింది, గుణం పోయింది," అని గొణిగింది.

"పేరు ఎవరు చెప్పారు? నువ్వు చెప్పలేదు, నాకు తెలియదు," అన్నాడు బొల్లన్న. "మీ గురువుగారి ఆనకి ఏ లోటూ రాలేదు. ఇంతకీ ఎవరు మీ గురువుగారు?"

నక్క నేల చూపులు చూసింది. "మీ అమ్మే. నేను కూనగా ఉన్నప్పుడు ముళ్ళకంచెలో పడి కాలు చీరుకుపోయింది. ఆవిడ ఈ ఆకు నమిలి కట్టింది. గుర్తుపెట్టుకో నాయనా, ఎవరికైనా పనికొస్తుంది అంది."

బొల్లన్న కాసేపు నెమరు కూడా ఆపేశాడు. తల్లి పోయి ఎన్నేళ్ళయిందో.

"మా అమ్మ నీ దగ్గర ఏం తీసుకుంది?"

నక్క తోక ముడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గాడిదా కుందేలూ అందరూ గట్టు మీదకి వచ్చి ఆ మొక్కని కళ్ళారా చూసి, వాసన పట్టుకుని వెళ్ళారు. "నేను మూడు వందల రకాల ఆకులు తిన్నాను. ఏది దేనికో ఒక్కసారైనా అడగలేదు," అని ముత్యాలు సిగ్గుపడింది. ఆకు తుంచుకోవాలి తప్ప వేరు పీకకూడదని బొల్లన్న కట్టడి చేశాడు. కుందేలు బొరియ కుందేలుకి వచ్చేసింది.

వానలు పడ్డాక ఒక రోజు నక్క మూతి చీరుకుని గట్టు దగ్గరకి వచ్చింది. అందరినీ చూసి వెనకడుగు వేసింది. చుక్కమ్మ కుంటుకుంటూ ఎదురెళ్ళి ముక్కుతో మొక్కని చూపించింది. "కోసుకో. ఎవరూ ఏమీ అడగరు. మా గూటి తలుపు మాత్రం వేసే ఉంటుంది."

ఇదర్రా కథ. ఇందులో నీతి: ఒకరు మనకి ఊరికే చెప్పిన మందుని మనమూ ఊరికే చెప్పాలి.

"ఇంతకీ ఆ మొక్క పేరేంటి అమ్మమ్మా?" అంది ఉదిత. "చెబితే గుణం పోతుందా?"

"పోదు. గాయపాకు. మా చిన్నప్పుడు బొగ్గుతో కలిపి పలకలు నల్లగా రుద్దుకునేవాళ్ళం, అందుకని పలకాకు అనీ అంటాం. మీ తమ్ముడి మోకాలి మీద ఇందాక పిండింది అదే. ఇలాంటి చిన్న గీతలకి సరే. లోతుగా తెగితే మాత్రం ఆకు కోసం వెతక్కుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, తెలిసిందా? కథలో రైతు ఊళ్ళో లేడు, మనం ఉన్నాం."

నీరజ్ మోకాలి మీద ఊదుకుంటూ, "మన పెరట్లో ఎక్కడుంది అది?" అన్నాడు.

"నువ్వే వెతికి చెప్పు. గోంగూర మడిలో ఇంకా సగం గడ్డి అలాగే ఉంది, ఎండ ఎక్కకముందే పీకేయాలి. ఒక్క మూల మాత్రం నేను పీకకుండా వదిలేస్తాను. ఎందుకు వదిలానో నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ చెప్పాలి."

నేను కొంగు బిగించుకుని మడి వైపు నడిచాను.