శాసనశిల వెనుక చలివేంద్రం

సర్వప్రాణుల దప్పిక తీర్చే గంగాభవానికి మ్రొక్కి, కుమ్మరి ఓబుళమ్మ కథ చెబుతున్నాను, వినండి.

పూర్వం ఒక రాజు, కనుమదారిలో బాటసారుల కొరకు చలివేంద్రం పెట్టమని ఆజ్ఞాపించాడు. కొమ్మనామాత్యుడనే అధికారి అక్కడ శాసనశిల ఒకటి నిలిపి, దాని వెనుక చలివేంద్రం పూర్తయినదని రాజుకు విన్నవించి ఊరకున్నాడు. శిల వెనుక పల్లేరుకాయలే తప్ప నీటిచుక్క లేదు. ఇద్దరు బండివాళ్లు వడదెబ్బకు కూలిపోయాక, ఓబుళమ్మ తోటి కుమ్మరులను కూడగట్టి, తాటాకు పందిరి వేసి, కడవలు నింపి పెట్టింది.

అది తెలిసి అమాత్యుడు మిట్టమధ్యాహ్నం వగరుస్తూ వచ్చాడు. "రాజుగారి చలివేంద్రం ఉన్నచోట మరొకటి పెట్టడం ధిక్కారం! ఇక్కడ నీళ్లు పోసినవారికీ, త్రాగినవారికీ కొరడాదెబ్బలు!" అని పందిట్లోని బాటసారులందరి ఎదుట ఆజ్ఞాపత్రం చదివాడు. చదివేసరికి నాలుక పిడచకట్టింది.

"ముందు చెంబెడు నీళ్లియ్యవే!" అన్నాడు.

పందిరి పోతే రేపు ఎవరి ప్రాణం పోతుందోనని ఓబుళమ్మ గుండె మండింది. కడవపై మూత పెట్టింది.

"అయ్యో దొరా, ఇక్కడి నీళ్లిచ్చి తమ వీపుకు కొరడాదెబ్బలు తగిలించనా? రాజుగారి చలివేంద్రం ఆ రాతి వెనుకనే ఉందని తమరే విన్నవించారట గదా! పదండి, వీళ్లనూ వెంటబెట్టుకు వెళ్లి కడుపారా త్రాగండి."

బాటసారులందరూ లేచి ఆయన వెనుక నిలబడ్డారు. రాతివైపు అడుగు వేయలేక, అమాత్యుడు ఆజ్ఞాపత్రం చింపివేసి దోసిలి పట్టాడు.

ఓబుళమ్మ మూత తీసింది. "వరుసలో నిలబడండి దొరా! తమకన్నా ముందు వచ్చినవాళ్లున్నారు."

ఈ కథ విన్నవారందరికీ పెట్టే చేయీ, నిలదీసే నోరూ కలకాలం కలుగుగాక!