తెనాలి బస్సులో రుమాలు

భార్గవ్ పరిశోధన మూడేళ్లుగా ఒక్కచోటే ఆగిపోయింది. రొమ్ములో పుట్టిన కేన్సర్ కణం అంతదూరం పోయి ఊపిరితిత్తిలో చోటెలా సంపాదిస్తుంది? ముక్కూ మొహం తెలియని చోట దాన్ని కూర్చోనిచ్చేదెవరు? ఈ ఏడు తేలకపోతే ఇక మూటాముల్లే సర్దుకోవడమే.

అతని దగ్గర రెండు పెట్టెలున్నాయి. రెండింట్లోనూ రొమ్ము కేన్సర్ ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల ముక్కలే. మొదటిదాంట్లో ఊపిరితిత్తికి కేన్సర్ చేరినవి, రెండోదాంట్లో ఇంకా చేరనివి. ఆ రెండో పెట్టెను అయిదింటికొచ్చే చెత్తబండి కోసం గుమ్మం దగ్గర పెట్టేశాడు.

"అందులో ఏముందోయ్?" అడిగారు అతని గురువుగారు, ప్రొఫెసర్ కాత్యాయని.

"ఏమీ లేదు మేడమ్. అన్నీ మంచి కణాలే. పరమ సాధువులు. దొంగ ఇంకా రానేలేదు."

"అలాగా," అన్నారావిడ. "పద, బస్సుకి టైమైంది."

ఇద్దరిదీ తెనాలే. బస్టాండులో ఒకటే తోపులాట. బస్సు ఇంకా ఆగనే లేదు, అరవై ఏళ్ల మేడమ్ గారు కిటికీలోంచి రుమాలు విసిరారు. ఏం గురండీ అది! సరిగ్గా ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీట్లో పడింది.

"ముందు నువ్వెళ్లి అక్కడ కూర్చో. రుమాలు నాదని మాత్రం చెప్పకు."

భార్గవ్ నలుగుతూ ఎక్కాడు. పక్కసీట్లో ఉల్లిపాయల సంచీతో ఒక పెద్దావిడ.

"ఆగాగు! రుమాలు కనబడట్లా? ఎవరో వస్తన్నారు."

"ఎవరండీ?"

"నాకేం తెలుసు బాబూ? ఎవరో ఒకరు."

"మీ వాళ్లు కాదుగా మరి?"

"కాకపోతే? వేసుకున్నాక వాళ్లదేగా సీటు!" అంటూ ఆవిడ సంచీ పక్కకి జరిపింది. కొంగుతో సీటు తుడిచింది. ఇంకో ఇద్దర్ని కసిరి పంపింది.

అందరూ ఎక్కాక మేడమ్ నింపాదిగా వచ్చి కూర్చున్నారు. పెద్దావిడ మొహం చాటంత చేసుకుని కాళ్లు ముడుచుకుని మరీ చోటిచ్చింది.

రాడ్డు పట్టుకుని వేలాడుతున్న శిష్యుణ్ణి మేడమ్ అడిగారు. "ఈవిడ ఎలాంటిదంటావ్?"

"చాలా మంచావిడే మేడమ్. పరమ సా..."

దొంగ రాకముందే రుమాలు పంపి ఉంటే, ఆ రెండో పెట్టెలోని సాధువులే వాడికి చోటు కాస్తున్నారేమో! గడియారం చూసుకున్నాడు. అయిదుకి పది నిమిషాలు.

"ఆపండి! కండక్టర్ గారూ, ఆపండి!"

కదులుతున్న బస్సులోంచి దూకినంత పని చేసి, వచ్చిన దారినే లగెత్తాడు.

పెద్దావిడ కిటికీలోంచి చూసి నొచ్చుకుంది.

"పాపం, సీటు దొరకలేదని దిగిపోయాడమ్మా."