మేకు రాత

రాసే హక్కు డబ్బున్నవాడికే ఉండాలనుకునే అధికారి ఒకడు వెనకటికి మాధవగిరి రాజు కొలువులో ఉండేవాడు. పేరు అచ్యుతభట్టు. తాను అమ్మే దంతప్పిడి గంటంతో రాసిందే పుస్తకమనీ, మిగతావి కాల్చేయాలనీ రాజుచేత ఆజ్ఞ వేయించి, ఊరూరికీ ప్రతులు పంపాడు.

తాటాకుల మీద ప్రతులు రాసి పొట్టపోసుకునే కోనమ్మకు ఆ గంటం కొనే స్తోమత లేదు. ఇనుపమేకును రాతి మీద సానబెట్టి, దానితోనే ఏళ్లతరబడి ఒక కథ రాసుకుంది. భటులు ఆ కట్టను లాక్కుని, ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"మేకుతో గీకింది కూడా ఒక రాతేనా? పొయ్యిలో పడెయ్యండి" అన్నాడు భట్టు.

కోనమ్మకు ఒళ్లు మండింది.

"పడెయ్యండి. ముందు ఈయన ఆజ్ఞను పడెయ్యండి. ఊరూరికీ పంపిన ప్రతులన్నీ మా పేటవాళ్లతోనే రాయించాడు. ఒక్కరికైనా గంటం ఇచ్చాడా? అన్నీ మేకులతోనే రాశాం. మేకు రాత చెల్లదంటే ఆ ఆజ్ఞా చెల్లదు. చెల్లుతుందంటే నా కథా చెల్లుతుంది."

రాజు కట్టను ఆమెకు ఇప్పించి, ఆజ్ఞ రద్దు చేశాడు.

కోనమ్మ కోపం చల్లారలేదు.

"రద్దయిందని ఊరూరికీ రాసి పంపాలి కదా, ప్రభూ. ఈసారి ఈయన్నే రాయమనండి. మేకు నేనిస్తాను."