మూడు తలుపుల దావా

ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని నూకరాజు నమ్మకం. తనూ, పెళ్ళాం అప్పలకొండా, తమ్ముడు పోలినాయుడూ కలిసి దిగితే ఏ పనికైనా తిరుగులేదనుకునేవాడు, పాపం.

అలాంటి ఇంటికి ఓ కష్టమొచ్చిపడింది. వడ్రంగి కామాచారి చేసిన వంటింటి తలుపు వంకర. ఎంత తోసినా మూసుకోదు. రోజూ ఓ వీధికుక్క ఆ సందులోంచి దూరి, వండిందంతా నాకేసి పోయేది. ముగ్గురూ మంచినీళ్ళు తాగి పడుకునేవారు. "ఆకలికి చస్తున్నాం, వేరే తలుపు చేసివ్వవయ్యా" అంటే కామాచారి రేపూ మాపూ అని తిప్పేవాడు.

"కోర్టుకెళ్దాం" అన్నాడు నూకరాజు.

"మరి ప్లీడరో?" అంది అప్పలకొండ.

"ఎందుకే? ప్లీడరుకున్నది ఒక్క బుర్ర. మనకి మూడున్నాయి!"

అంతే, ముగ్గురూ కోర్టుకెళ్ళారు. అక్కడి గుమస్తా మంచివాడు. "చిన్న దావాకి ప్లీడరక్కర్లేదు బాబూ, మీరే చెప్పుకోవచ్చు. రుజువు తెండి. కళ్ళారా చూసిన సాక్షిని తెండి. ఇక్కడ ఏది దాఖలు చేసినా మూడేసి ఉండాలి. కోర్టుకొకటి, అవతలివాడికొకటి, మీకొకటి. మర్చిపోకండి" అని విడమరిచి చెప్పాడు.

ఇంకేముంది! ఇంటికొస్తూనే రుజువని తలుపు ఊడబీకారు. ఇన్నాళ్ళూ ఒక్క కుక్కే వచ్చేది. ఇప్పుడు వీధిలో కుక్కలన్నీ వచ్చాయి.

"మిగతా రెండు తలుపులో, అన్నా?" అన్నాడు పోలినాయుడు.

"మొదటిది చేసినవాడే చెయ్యాలి!"

అప్పలకొండ పుట్టింటివాళ్ళిచ్చిన పందిరిమంచం విరగ్గొట్టి, ఆ కర్రంతా కామాచారి ముందు పడేశారు. "నీమీద కేసేస్తున్నాం బాబూ. రుజువుకి ఇంకో రెండు చేసిపెట్టు."

కేసనగానే కామాచారి ఉలి అందుకున్నాడు. తిండి మానేసి రెండు తలుపులూ ముచ్చటగా చేసిచ్చాడు. నూకరాజు బిగించి చూస్తే టక్కున మూసుకున్నాయి!

"ఓరి దుర్మార్గుడా! పాతది మూసుకోదు, ఇవి మూసుకుంటున్నాయే! ఇదా నువ్వు చేసే నకలు?" అని నానా తిట్లూ తిట్టాడు.

వాయిదా రోజున తలా ఓ తలుపు నెత్తినెట్టుకుని బయల్దేరారు. అప్పలకొండ రోజూ వచ్చే ఆ కుక్కని కూడా కొంగుకి కట్టుకుంది.

"సాక్షి ఎవరు?" అని అడిగింది జడ్జమ్మ.

"ఇదేనమ్మా. రోజూ లోపలికొచ్చి కళ్ళారా చూసింది ఇదొక్కటే" అన్నాడు నూకరాజు.

కుక్క తోకాడించింది. జడ్జమ్మ నవ్వాపుకోలేక, "కామాచారి మంచి తలుపులు చేసి ఇచ్చేశాడుగా! గెలుపు మీదేనయ్యా. పట్టుకెళ్ళి బిగించుకోండి" అంది.

నూకరాజు ఛాతీ ఇంతయింది. మరి గుమస్తా చెప్పిన మాట మర్చిపోతాడా? ఓ కొత్త తలుపు కోర్టు గోడకి జేరేశాడు. రెండోది కామాచారి చేతిలో పెట్టాడు. వంకర తలుపు తను నెత్తినెట్టుకుని, జడ్జమ్మ పిలుస్తున్నా వినకుండా ఇంటిదారి పట్టాడు.

గెలిచామని అప్పలకొండ పాయసం వండింది. తలుపు బిగించి ముగ్గురూ కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి, కుక్క సందులోంచి దూరి గిన్నె నాకుతోంది.

"హమ్మయ్య!" అన్నాడు నూకరాజు గుండెమీద చెయ్యేసుకుని. "కోర్టులో ఎక్కడ మారిపోయిందోనని హడలిపోయానే. అచ్చం మన తలుపే!"